స్టీరింగ్ బరువెక్కితే రాక్ మార్చే ముందు చూడాల్సినవి

పవర్ స్టీరింగ్ మొరాయించిన కారు షెడ్డుకు వెళ్లగానే చాలాసార్లు వినిపించే మాట "రాక్ పోయింది సార్, మార్చాల్సిందే". రాక్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను అటూ ఇటూ నెట్టే కడ్డీ. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న కారైతే "కాలమ్ మొత్తం మార్చాలి" అంటారు. రెండూ వేలల్లో తేలే పనులే. నిజంగా రాక్ పోయే సందర్భాలు లేకపోలేదు. కానీ బెల్టు జారినా, ఆయిల్ తగ్గినా, బ్యాటరీ నీరసించినా, టైర్లలో గాలి తగ్గినా, చక్రం దగ్గరుండే బాల్ జాయింట్ అనే కీలు బిగుసుకుపోయినా స్టీరింగ్ పట్టుకున్న చేతికి తెలిసేది ఒక్కటే, బరువు. అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా ఖరీదైన భాగం మీద చెయ్యి వేస్తే డబ్బూ పోతుంది, రోగమూ అలాగే ఉంటుంది.

తేల్చుకోవడానికి మొదట అడగాల్సింది "ఎప్పుడు?" అని. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడా, రేస్ ఇచ్చినప్పుడా? ఒక పక్కకు తిప్పితేనా, రెండు పక్కలకూనా? బండి నిలబడి ఉన్నప్పుడా, హైవే మీదా? పొద్దున్నే స్టార్ట్ చేయగానేనా, గంటసేపు ట్రాఫిక్‌లో నలిగాకనా? ఈ నాలుగైదు ప్రశ్నలకు బండి ఓనర్ సరిగ్గా జవాబు చెప్పగలిగితే సగం పని బానెట్ ఎత్తకముందే అయిపోతుంది. ఆ జవాబుల్లోంచి లోపం దాకా ఎలా వెళ్లాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

లోపల జరిగేది

పవర్ స్టీరింగ్ ఏ రకమైనా ముందు చక్రాలను తిప్పే పని మాత్రం ఇనుముదే. మీ చేతిలో ఉన్న చక్రం, దాని కింద కాలమ్, మధ్యలో ఇంటర్మీడియట్ షాఫ్ట్, చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, అది నెట్టే రాక్ అనే పొడవాటి కడ్డీ, ఆ కడ్డీ రెండు చివర్లా దాన్ని చక్రాలకు కలిపే టై రాడ్లు. మనం వాడే మామూలు కార్లలో ఈ గొలుసు ఎక్కడా తెగదు. అందుకే పవర్ పోయినా స్టీరింగ్ పని చేస్తూనే ఉంటుంది, బరువుగా. పవర్ అనేది ఈ గొలుసుకు పక్క నుంచి అందే సాయం మాత్రమే.

ఆ సాయం ఎంత కావాలో కనిపెట్టేది టార్షన్ బార్ అనే సన్నటి ఉక్కు ముక్క. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాలు రోడ్డును పట్టుకుని మొండికేస్తాయి కాబట్టి ఈ ముక్క కొద్దిగా మెలి తిరుగుతుంది. హైడ్రాలిక్ రకంలో ఆ మెలికతో ఒక రోటరీ వాల్వు తెరుచుకుని, పంపు నుంచి వచ్చే ఆయిల్‌ను రాక్ లోపలి పిస్టన్‌కు ఒక వైపుకు పంపిస్తుంది. ఎలక్ట్రిక్ రకంలో అదే మెలికను టార్క్ సెన్సర్ కొలిచి కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ మోటారును తిప్పుతుంది. కొన్ని కార్లలో ఆయిల్ పంపును బెల్టుకు బదులు కరెంటు మోటారు నడుపుతుంది. ఈ మూడో రకాన్ని మన దగ్గర తక్కువగా చూస్తాం.

హైడ్రాలిక్ సాయాన్ని అమెరికన్ ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే కారులో అమర్చి చూపించాడు. అయినా అమ్మకానికి వచ్చిన మామూలు కారులో అది కనిపించడానికి 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ దాకా ఆగాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ రకం 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారులో మొదలైంది. ఇప్పుడు మన రోడ్ల మీద స్విఫ్ట్, బాలెనో, ఐ20, నెక్సాన్ లాంటివన్నీ ఎలక్ట్రిక్. బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి బరువైన బండ్లలో ఆయిల్ పంపు ఉంటుంది. మీ కారు ఏ రకమో తెలియకపోతే బానెట్ ఎత్తి చూడండి. స్టీరింగ్ బొమ్మ లేదా పవర్ స్టీరింగ్ అన్న అక్షరాలు ఉన్న మూతతో చిన్న ఆయిల్ డబ్బా కనిపిస్తే హైడ్రాలిక్. అలాంటిదేమీ లేకపోతే దాదాపు ఖాయంగా ఎలక్ట్రిక్.

బరువు పవర్ వల్లా, ఇనుము వల్లా?

అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. ఎక్కువమంది ఈ మెట్టు దాటేసి నేరుగా పంపు దగ్గరకో రాక్ దగ్గరకో వెళ్లిపోతారు.

టైర్ల నుంచి మొదలుపెట్టండి. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కరు మీద రాసిన గాలి కంటే ముందు టైర్లలో పది పాయింట్లు తక్కువుంటే స్టీరింగ్ బరువెక్కడమే కాదు, మలుపు తిప్పాక తనంతట తాను వెనక్కి రావడం కూడా మందగిస్తుంది. కంపెనీ ఇచ్చిన సైజు కంటే వెడల్పు టైర్లు వేయించుకున్నా ఇదే తంతు. పెట్రోలు బంకులో రెండు నిమిషాల పని ఇది, అక్కడితో తేలిపోతే అంతకంటే అదృష్టం ఏముంది?

గాలి సరిగ్గా ఉంటే ఇంజిన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా కీ తిప్పి ఉంచి, స్టీరింగ్ చక్రాన్ని ఒక పక్కకు గట్టిగా నొక్కిపట్టండి. అలా పట్టుకునే ఇంజిన్ స్టార్ట్ చేయండి. ఇంజిన్ అందుకోగానే మీ చేతి కింద చక్రం కొద్దిగా జారితే సాయం అందుతున్నట్టే. ఏ మాత్రం కదలిక లేకపోతే పవర్ వైపే లోపం ఉంది.

సాయం అందుతున్నా బరువుగానే ఉంటే ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా జాకీతో లేపాలి. జాకీని నమ్ముకుని బండి కింద దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు వేయాలి. ఇప్పుడు ఇంజిన్ ఆపి స్టీరింగ్ చక్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పండి. హైడ్రాలిక్ బండిలో లోపలి ఆయిల్‌ను నెట్టాలి కాబట్టి కొంచెం బరువు ఉంటుంది. అయితే ఆ బరువు అంతటా ఒకేలా ఉండాలి. ఒక్కో చుట్టులో రెండు చోట్ల బిగుసుకుని మళ్లీ వదులైతే ఇంటర్మీడియట్ షాఫ్ట్ మీది యూనివర్సల్ జాయింట్ తుప్పు పట్టిందని అర్థం. వానలో, బురదలో తిరిగే బండ్లకు ఇది బాగా వస్తుంది. జాయింట్ మరీ బిగుసుకోకపోతే తుప్పు వదిలించే ఆయిల్, తర్వాత గ్రీజు పట్టిస్తే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. అసలు మందు మాత్రం షాఫ్ట్ మార్చడమే.

మధ్యలో పట్టు లేకుండా మొత్తం బిగువుగా ఉంటే టై రాడ్ ఎండ్లు రెండూ చక్రాల దగ్గర విడదీసి, రాక్‌ను విడిగా, చక్రాలను విడిగా తిప్పి చూడాలి. టైరున్న చక్రాన్ని చేత్తో పక్కకు తిప్పితే కష్టంగా ఉందంటే కింది బాల్ జాయింటో, పైన స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) మౌంట్ బేరింగో పట్టేసింది. ఈ బేరింగు పోయిన కారును ఐడిల్‌లో తిప్పుతుంటే బానెట్ కింద స్ప్రింగు 'టంగ్' మని వదిలినట్టు చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు విని కూడా రాక్ విప్పిన షెడ్లు ఉన్నాయి.

ఆయిల్ బండ్లు: చప్పుడే చెబుతుంది

హైడ్రాలిక్ స్టీరింగ్‌లో లోపానికి ముందు గొంతు వస్తుంది, ఆ తర్వాతే బరువు.

ఫుల్ కటింగ్ కొట్టిన క్షణంలో కీచుమని అరిస్తే బెల్టు. పంపు మీద భారం అత్యధికంగా పడేది అప్పుడే, పట్టు చాలని బెల్టు అప్పుడే జారుతుంది. ఇంజిన్ ఆపి బెల్టు లోపలి వైపు వేలితో తడమండి. అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్లు బారినా మార్చేయండి. కొత్త బెల్టు కూడా జారుతుంటే బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ స్ప్రింగు సడలిపోయి ఉంటుంది, లేదా పుల్లీ మీద ఆయిల్ పడుతుంటుంది.

స్టీరింగ్ తిప్పుతున్నంతసేపూ గుయ్‌మని మూలుగుతూ, ఇంజిన్ రేస్‌తో పాటు ఆ మూలుగు స్థాయి పెరుగుతుంటే పంపుకు ఆయిల్ చాలడం లేదు, లేదా ఆయిల్‌తో పాటు గాలి వెళ్తోంది. చివరి లాక్ దగ్గర మాత్రమే వచ్చే సన్నటి 'స్‌స్‌స్' శబ్దానికి భయపడక్కర్లేదు. రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ తిరిగి వెళ్తున్న చప్పుడది. అయినా ఆ చివర్లో చక్రాన్ని పట్టుకుని కూర్చోకూడదు. పంపు తన పూర్తి ఒత్తిడితో తన ఆయిల్‌నే తాను మరిగించుకుంటుంటుంది అప్పుడు. ఐదు సెకన్లు దాటకుండా కొంచెం వెనక్కి వదిలేయాలి. ఇరుకు సందుల్లో పార్కింగ్ చేసేవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే పంపు ఆయుష్షు పెరుగుతుంది.

గతుకుల్లో టకటకమని కొట్టుకుంటే అది పవర్ కథ కాదు. టై రాడ్, బాల్ జాయింట్, స్టెబిలైజర్ లింక్, రాక్ బుష్ ఇలా వెతుక్కుంటూ పోవాలి.

ఇక బరువు సంగతి. ఐడిల్‌లో బరువుగా ఉండి, కొంచెం రేస్ ఇవ్వగానే తేలికైతే పంపు అరిగింది. నెమ్మదిగా తిరిగినప్పుడు ఒత్తిడి నిలబెట్టలేకపోతోంది. కుడికి తేలిక, ఎడమకు బరువు అయితే పంపును అనుమానించకండి. పంపు రెండు పక్కలకూ ఒకే ఆయిల్ పంపిస్తుంది. తేడా వచ్చేది దాని తర్వాతే, అంటే రాక్‌లోని వాల్వులోనో లోపలి సీళ్లలోనో. ఈ చిన్న తర్కం తెలియక పంపులు మార్పించుకున్నవాళ్లు ఎంతోమంది.

పార్కింగ్‌లో స్టీరింగ్ తిప్పగానే ఇంజిన్ ఆగిపోతుంటే పంపు దగ్గరో దాని పైపు మీదో ఉండే ప్రెషర్ స్విచ్‌ను చూడాలి. భారం పెరుగుతోందని ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పి ఐడిల్ పెంచమనేది అదే. అది మూగబోతే ఇంజిన్‌కు ఆ కబురు అందదు.

ఆయిల్ రంగు, లీకు, గాలి

డబ్బా మూత తీసి శుభ్రమైన తెల్ల గుడ్డ మీద రెండు చుక్కలు వేయండి. చాలా బండ్లలో వాడే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల కోసం చేసిన) ఆయిల్ ఎర్రగా, గాజులా ఉంటుంది. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే కాలిపోయింది. నల్లగా ఉండి గుడ్డ మీద సన్నటి పొడి మిగిలితే రబ్బరు పైపులు లోపల్నుంచి రాలిపోతున్నాయి, లేదా పంపు అరిగి లోహం కలుస్తోంది. వెండి మెరుపు కనిపిస్తే రెండోదే. నురగతో పాలలా ఉంటే గాలి చేరింది. వరద నీళ్లలో మునిగిన బండి అయితే నీరే కలిసి ఉండొచ్చు.

ఏ ఆయిల్ పోయాలన్నది మూత మీదా, బండి పుస్తకంలోనూ రాసి ఉంటుంది. కొన్ని టయోటాలకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్, హోండాకు ఆ కంపెనీ సొంత పవర్ స్టీరింగ్ ఆయిల్, ఇలా ఒక్కో బండికి ఒక్కో లెక్క. "అన్నీ ఒకటే సార్" అనే మాట వినకండి. పొరపాటున బ్రేక్ ఆయిల్ పోస్తే మాత్రం సీళ్లన్నీ ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. అలా జరిగితే ఇంజిన్ స్టార్ట్ కూడా చేయకుండా పూర్తిగా కడిగించుకోవాలి.

మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాటే. ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గేది కాదిది. పోసుకుంటూ తిరగడం వైద్యం అనిపించుకోదు. లీకు పట్టాలంటే ముందు అంతా కడిగి ఆరబెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి చూడాలి. హై ప్రెషర్ పైపులో రబ్బరు, ఇనుము కలిసే నొక్కుడు దగ్గర చెమట పట్టినట్టు తడి కనిపిస్తుంది. పంపు దగ్గర పైపు బోల్టుకు అటూ ఇటూ ఉండే రాగి వాషర్లు పాతవే తిరిగి వేస్తే అక్కడ కారుతుంది. పుల్లీ వెనక తడిగా ఉంటే పంపు షాఫ్ట్ సీలు. రాక్ చివర రబ్బరు బూట్‌ను వేళ్లతో పిండి చూడండి. అది నీళ్ల సంచిలా బరువుగా ఉండి, క్లిప్పు కొంచెం వదులు చేయగానే ఆయిల్ కారితే రాక్ చివరి సీలు పోయినట్టే. ఇదొక్కటి కనిపించినప్పుడు "రాక్ విప్పాలి" అన్న మాట నమ్మొచ్చు.

ఇక బయటికి చుక్క కూడా కారకుండా వేధించే లోపం ఒకటుంది. డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపులో ఒత్తిడి ఉండదు, పీల్పు ఉంటుంది. కొబ్బరిబోండంలో పగిలిన స్ట్రా వేసి తాగితే నీళ్లు బయటికి కారవు, గాలి మాత్రం నోట్లోకి వస్తుంది. ఇక్కడా అంతే. మా బంధువుల డీజిల్ బండి ఒకటి మూలుగుతుంటే ఒక షెడ్డులో పంపు మార్చారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే మూలుగు. రెండో పంపు కూడా పనికిరాదని తేల్చేశారు. చివరికి వేరే మెకానిక్ ఆ పీల్పు పైపు పంపులోకి దూరే చోట నాలుగు చుక్కలు ఆయిల్ వేసి చూశాడు. మూలుగు ఒక్క క్షణం తగ్గి మళ్లీ మొదలైంది. ఆ ఆయిల్‌ను సందులోంచి లోపలికి లాగేసుకుందన్నమాట. విప్పితే లోపల ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు ఎండి, గట్టిపడి, చదునైపోయి ఉంది. దాని ఖరీదు టీ ఖర్చంత.

డబ్బా అడుగున ఉండే జల్లెడ మూసుకుపోయినా ఇదే మూలుగు వస్తుంది. చాలా బండ్లలో ఆ జల్లెడను విడిగా తీయలేం, డబ్బానే మార్చాలి. పంపు మార్చేటప్పుడు పాత డబ్బా, పాత ఆయిల్ అలాగే ఉంచితే పాత పంపు రాల్చిన లోహమంతా కొత్త పంపులోకి వెళ్తుంది. "కొత్త పంపు కూడా పోయింది" అన్న కథల్లో చాలావాటికి మూలం ఇదే.

లీకు సరిచేశాక గాలి తీయడం ఓపిక పని. ముందు చక్రాలు గాల్లో ఉండాలి, ఇంజిన్ ఆపి ఉండాలి. డబ్బా నిండుగా పోసి, స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా ఓ పదిహేను ఇరవై సార్లు తిప్పాలి. ప్రతి నాలుగైదు సార్లకు మట్టం చూసి పోస్తుండాలి, డబ్బా ఖాళీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది. బుడగలు తగ్గాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే, చివర్లో ఆపిపట్టకుండా మళ్లీ తిప్పాలి. పని పూర్తయిందో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా మట్టం ఎక్కడుందో చూసుకుని, ఆపగానే మళ్లీ చూడండి. ఆయిల్ గబుక్కున పైకి లేచిందంటే, అంటే ఐదు మిల్లీమీటర్లకు మించి పెరిగిందంటే, లోపల నొక్కుకుపోయిన గాలి ఇంకా ఉంది. తొందరపడి మొదటే ఇంజిన్ స్టార్ట్ చేసేస్తే గాలీ ఆయిలూ కలిసి నురగవుతాయి. అది విడిపోవడానికి గంటల తరబడి ఆగాల్సి వస్తుంది.

సీళ్లను ఉబ్బించి లీకు ఆపుతామనే రసాయనాల సీసాలు దొరుకుతాయి. చిన్న చెమట లాంటి లీకును అవి కొన్ని నెలలు ఆపొచ్చు. పైపు నుంచి కారే ఆయిల్‌ను ఏ సీసా ఆపలేదు. ఆ పైపు పగిలి వేడి ఎగ్జాస్ట్ మీద ఆయిల్ చిమ్మితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. అందుకని పైపు విషయంలో వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతాను.

పంపా, రాకా అని తేల్చే గేజి

ఆయిల్ సరిగ్గా ఉంది, గాలి లేదు, బెల్టు బాగుంది, ఇనుములో బిగువు లేదు. అయినా బరువే. ఇప్పుడు ఊహలు ఆపి ప్రెషర్ గేజి పెట్టించాలి. పంపుకూ రాక్‌కూ మధ్య గేజినీ, దాని తర్వాత ఒక వాల్వునూ కలుపుతారు. వాల్వు మూసి చూస్తే పంపు ఒక్కటే ఎంత ఒత్తిడి ఇవ్వగలదో తెలుస్తుంది. కార్లలో ఇది సాధారణంగా 70 నుంచి 100 బార్ దరిదాపుల్లో ఉంటుంది, మీ బండి సంఖ్య దాని సర్వీసు పుస్తకంలో ఉంటుంది. వాల్వు మూసి ఉంచే సమయం ఐదారు సెకన్లే, అంతకు మించితే మంచి పంపు కూడా కాలిపోతుంది. తర్వాత వాల్వు తెరిచి, స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి మళ్లీ చూస్తారు. రెండుసార్లూ తక్కువ వస్తే పంపు. మూసినప్పుడు బాగుండి, తెరిచి చివరిదాకా తిప్పినప్పుడు పడిపోతే రాక్ లోపల ఆయిల్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారిపోతోంది.

పది నిమిషాల పరీక్ష ఇది. దీనితో వేల రూపాయల నిర్ణయం తేలిపోతుంది. అయినా గేజి ఉన్న షెడ్లు తక్కువ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల స్టీరింగ్ పని మాత్రమే చేసేవాళ్లు దొరుకుతారు, అలాంటివాళ్ల దగ్గరకు వెళ్లడం మేలు. రాక్ మార్చాలన్న మాట వినగానే "గేజి పెట్టి చూశారా?" అని అడగండి. జవాబు తడబడితే బండి తెచ్చేసుకోవచ్చు.

కరెంటు స్టీరింగ్: బ్యాటరీ నుంచి మొదలు

ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లో పంపు, బెల్టు, ఆయిల్ ఏవీ లేవు. బదులుగా అంతా వోల్టేజీ మీద నడుస్తుంది. నిలబడ్డ కారులో ఫుల్ కటింగ్ కొట్టినప్పుడు మోటారు పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది, హెడ్‌లైట్లు రెండూ వెలిగిస్తే అయ్యే దానికి అనేక రెట్లు. వోల్టేజీ బాగా పడిపోతే కంప్యూటర్ ముందు సాయం తగ్గిస్తుంది, ఆ తర్వాత పూర్తిగా ఆపేసి డాష్‌బోర్డులో స్టీరింగ్ దీపం వెలిగిస్తుంది. కాబట్టి ఆ దీపం చూసి కాలమ్‌కు ధర అడిగే ముందు మల్టీమీటర్ తీయాలి. ఇంజిన్ ఆపి ఉండగా బ్యాటరీ 12.4 వోల్టుల పైన, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండటం మామూలు. కొత్త కార్లలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే నడిపిస్తుంది కాబట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. పాత బ్యాటరీ పొద్దున్నే స్టార్ట్ చేయడానికి సరిపోయినా, పార్కింగ్‌లో హెడ్‌లైట్లు, ఏసీ, స్టీరింగ్ మూడూ కలిసేసరికి చేతులెత్తేస్తుంది.

బ్యాటరీ బాగుంటే వైరు మధ్యలో ఎక్కడైనా నష్టం ఉందేమో చూడాలి. మీటరు ఒక తీగ బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి స్టీరింగ్ యూనిట్‌కు వచ్చే పాజిటివ్ మీద పెట్టి, ఒకరు స్టీరింగ్ బరువుగా తిప్పుతుండగా చదవండి. అర వోల్టు దాటి చూపిస్తే మధ్యలో ఫ్యూజు కాళ్లో, కనెక్టరో, తుప్పు పట్టిన బోల్టో కరెంటును తినేస్తోంది. అదే పరీక్ష ఎర్త్ వైపూ చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీగ బాడీకి కలిసే బోల్టు దగ్గర పెయింటు, తుప్పు గీకి గట్టిగా బిగిస్తే స్టీరింగ్ దీపం ఆరిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్ల సంగతీ మర్చిపోవద్దు.

స్కానరు పెట్టి కోడ్ చదివించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే) పరికరాల్లో చాలావాటికి ఇంజిన్ కోడ్‌లు మాత్రమే తెలుసు. స్టీరింగ్ కోడ్‌లు 'సి' అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదవగల స్కానరు కావాలి. "కోడ్ ఏమీ లేదు" అని చవక పరికరం చెబితే దానికి విలువ లేదు. ఇక రెండోది, కోడ్ చెప్పేది సర్క్యూట్ పేరు, పోయిన వస్తువు పేరు కాదు. టార్క్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయి ఉండొచ్చు, దాని కనెక్టర్‌లో తడి చేరి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. 'యు'తో మొదలయ్యే కోడ్ అయితే వేరే కంప్యూటర్ నుంచి సమాచారం అందలేదని. కారు వేగం తెలియకపోతే ఎంత సాయం చేయాలో స్టీరింగ్‌కు అర్థం కాదు. అప్పుడు జబ్బు చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్‌లోనో ఇంజిన్ కంప్యూటర్‌లోనో ఉంటుంది, స్టీరింగ్‌లో కాదు.

దీపం లేకుండా బరువెక్కడం ఇంకో రకం. ఇరుకు చోట అదేపనిగా ముందుకూ వెనక్కూ తిప్పితే మోటారు వేడెక్కి, కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి సాయం తగ్గించేస్తుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలవుతుంది. మన ఎండల్లో, డ్రైవింగ్ స్కూల్ బండ్లలో ఇది సహజం, రిపేరు అక్కర్లేదు.

స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ కదిపితే కాలమ్‌లోంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే, కాలమ్ మీదే మోటారు ఉన్న హ్యుందాయ్, కియా కార్లలో మోటారుకూ వార్మ్ గేరుకూ మధ్య ఉండే చిన్న రబ్బరు కప్లింగును అనుమానించాలి. అది అరిగి ముక్కలై చప్పుడు చేస్తుంది. విడిగా దొరికే చవక ముక్క అది. దాన్ని మార్చడానికి కాలమ్ దించాలి కాబట్టి కూలి ఎక్కువ, అయినా కొత్త కాలమ్ ఖర్చుతో పోల్చితే చాలా తక్కువ.

నీళ్లు వేరే సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన కార్లలో క్యాబిన్ లోపలికి నీళ్లు వెళ్లాయి. స్టీరింగ్ కంప్యూటర్, మోటారు చాలా కార్లలో డాష్‌బోర్డు కింద కాళ్ల పైనే ఉంటాయి. మునిగిన బండికి బ్యాటరీ తీగ విప్పకుండా కీ తిప్పితే బతకాల్సిన బోర్డు కూడా అక్కడికక్కడే కాలుతుంది. ముందు తీగ విప్పి, కనెక్టర్లు తెరిచి, శుభ్రం చేసి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వాలి. ఆ రోజు పనిచేసినా తుప్పు నెమ్మదిగా తింటుంది. అలాంటి బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కాలమ్ కింది కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో తప్పకుండా చూసుకోవాలి.

బండి నడుస్తుండగా పోతే

స్టీరింగ్ చక్రం బిగుసుకుపోలేదు, సాయం మాత్రమే ఆగింది. రెండు చేతులతో గట్టిగా పట్టి తిప్పితే తిరుగుతుంది. వేగంగా వెళ్తుంటే బరువు అంతగా తెలియదు, నెమ్మదించే కొద్దీ తెలుస్తుంది. కాబట్టి గాభరా పడకుండా మలుపులు లేని చోట పక్కకు తీయాలి. తిరుమల, అరకు లాంటి ఘాట్లలో దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ సాయం పోతుంది, రెండు మూడు సార్లు తొక్కగానే బ్రేక్ సాయమూ పోతుంది, కీ పూర్తిగా తీస్తే స్టీరింగ్ లాకే పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. గేరులో దిగుతుంటే ఈ కాలపు ఇంజిన్లు ఎలాగూ ఇంధనం దాదాపుగా తాగవు.

రాక్ నిజంగా దించాల్సి వస్తే

రాక్‌ను చంపేది ఎక్కువగా దాని చివర చిరిగిన రబ్బరు బూట్. బురద నీరు లోపలికి వెళ్లి, నునుపుగా ఉండాల్సిన కడ్డీ మీద తుప్పు గుంటలు పడతాయి. ఆ గుంటలు సీలును గీకేస్తాయి. అలాంటి కడ్డీకి కొత్త సీల్ కిట్ వేసినా త్వరలోనే మళ్లీ కారుతుంది. కాబట్టి సీల్ కిట్ ఒప్పుకునే ముందు కడ్డీని మీ కళ్లతో చూసి, గోటితో గీసి చూడండి. గోరు ఎక్కడా తట్టుకోకపోతే కిట్ చాలు. తట్టుకుంటే రాక్ మార్చడమే మంచిది.

దించే ముందు ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో బ్యాటరీ తీగ విప్పి, చక్రాలు నిటారుగా పెట్టి, స్టీరింగ్ చక్రాన్ని సీటు బెల్టుతో కదలకుండా కట్టేయాలి. కింద షాఫ్ట్ విడిపోయాక పైన చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపల తిరిగే చక్రానికి కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట తీగ తెగి, హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పోతాయి. షాఫ్ట్ మీదా పినియన్ మీదా గుర్తు గీసుకోవాలి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటే బిగించాక బండి కనీసం అలైన్‌మెంట్ షాపు దాకా తిన్నగా వెళ్తుంది. ఆ షాపుకు వెళ్లడం మాత్రం తప్పనిసరి. స్ప్లిట్ పిన్నులు, ఒకసారి వాడిన లాక్ నట్లు, రాగి వాషర్లు కొత్తవే వేయాలి. వాటి దగ్గర పొదుపు చేయడానికి ఇది సైలెన్సర్ పని కాదు, స్టీరింగ్.

ఎలక్ట్రిక్ కాలమ్ గానీ రాక్ గానీ మార్చినా, విప్పి బిగించినా టార్క్ సెన్సర్ సున్నాను స్కానర్‌తో మళ్లీ నేర్పించాలి. అది చేయకపోతే చేతులు వదలగానే బండి ఒక పక్కకు తనంతట తానే తిప్పుకుంటుంది, లేదా మలుపు తర్వాత వెనక్కి రాదు. స్థిరత్వ నియంత్రణ (ఈఎస్‌సీ) ఉన్న కారులో అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌కూ ఇదే పని చేయాలి. బ్యాటరీ తీగ విప్పి బిగించాక దీపం వెలిగితే కొన్ని కార్లలో స్టీరింగ్‌ను ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కాస్త దూరం నడిపితే ఆరిపోతుంది. దానికి డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

బండి చేతికి ఇచ్చాక ఖాళీ రోడ్డు మీద మలుపు తిప్పి పట్టు సడలించండి, చక్రం తనంతట తాను మధ్యకు రావాలి. రెండు పక్కలకూ బరువు ఒకేలా ఉండాలి. తిన్నగా వెళ్లేటప్పుడు చక్రం వంకరగా ఉండకూడదు. హైడ్రాలిక్ బండిలో మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేయకముందు ఒకసారి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి ఆయిల్ మట్టం చూసి, విప్పి బిగించిన ప్రతి పైపు కీలునూ టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. కాగితం ఎర్రబడితే అదే రోజు షెడ్డుకు తీసుకెళ్లండి, బిల్లు వెంట పెట్టుకుని.